సౌధమొక్కటి, నివాసులు పలువురు

ఇస్నాపూరు వద్ద నిలిచి చూచువారికి బొంబాయి బాట రెండు దిక్కులకు సాగిపోవుచు కనబడును. పడమటికి పోయినచో సంగారెడ్డి, అచ్చటినుండి జోగిపేట. తూర్పునకు పోయినచో పటాన్‌చెరువు. అచ్చటినుండి హైదరాబాదు నగరము. పాశమైలారము కర్మాగారములకు పనికి వచ్చువారును, నగరమునకు చదువులకై పోవువారును ప్రతిదినము ఈ బాటమీదనే ఒకరికొకరు ఎదురగుచుందురు. అట్లు పోవు బాలికలలో కోఠిలో దిగి, ఎత్తైన స్తంభములు గల ఒక పురాతన సౌధపు ఆవరణములోనికి పుస్తకములతో నడచిపోవువారు కూడ నుందురు. ఆ సౌధమును గూర్చియే నేడు మేము మా పాఠకులకు కొంత విన్నవింపదలచితిమి.

కోఠి యనగా నేడు జనులకు స్ఫురించునది బస్సుల నిలయము, పాతపుస్తకముల అంగళ్లు, సుల్తాన్ బజారు బట్టల వర్తకము. కాని కోఠి యను మాటకు అర్థము పెద్ద మేడ యని. ఆ మేడ పేరే పేటకంతకు పేరైనది. పేరు నిత్యము నోటనున్నది గాని ఆ మేడ యెవరిదో, అందెవరు వసించిరో విచారించువారు తక్కువ. రాతికట్టడములు గోడలవలన గాక, వాటియందు వసించినవారు చేసిన పనులవలన చరిత్ర కెక్కును. ఈ సౌధమున ఎవరు నివసించిరి, ఎవరి సొమ్ముతో నివసించిరి, ఎవరికి ద్వారము తెరచిరి, ఎవరికి మూసిరి? ఈ ప్రశ్నలకు దొరకు సమాధానములు నగరచరిత్రలో ఒక పుట మాత్రమే కావు. ఆంధ్రదేశము ముక్కలైన కథయు, తిరిగి లేచి నిలిచిన కథయు వీనిలో నిమిడియున్నవి.

కంపెనీ రాయబారి

1798 సెప్టెంబరు 1వ తేదీన నిజాం అలీఖాను ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార సంధి చేసికొనెను. వెల్లస్లీ ప్రభువు పన్నిన ఆ పద్ధతికి మొట్టమొదట లోబడిన పెద్ద సంస్థానము హైదరాబాదే. ఆ సంధిని కుదిర్చినవాడు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ అను రెసిడెంటు. అదే సంవత్సరము అక్టోబరులో నిజాము కొలువునందున్న ఫ్రెంచి దళములు నెత్తురు చిందకుండనే ఆయుధములు విడిచినవి. నాటినుండి నిజామును కాపాడు సైన్యము కంపెనీది. దాని ఖర్చు నిజాముది. కాపాడువాడు యజమానుడగుటకు ఎంతో కాలము పట్టలేదు.

రెండేండ్లు గడచినవి. 1800 అక్టోబరున అదే కర్క్‌పాట్రిక్ చేత మరియొక సంధి కుదిరినది. మైసూరు యుద్ధముల ఫలితముగ నిజామునకు సంక్రమించిన బళ్లారి, అనంతపురము, కడప మొదలగు సీమలు సైన్యపు ఖర్చు క్రింద కంపెనీకి ధారపోయబడినవి. ఇచ్చివేసిన సీమలు గనుక వానికి దత్తమండలములని పేరు పడెను. ఇచ్చినవారెవరు, పుచ్చుకొన్నవారెవరు, అచ్చటి ప్రజల నడిగినవారెవరు? ఆ యవమానకరమైన పేరు తొలగి, 1928లో నంద్యాల సభయందు రాయలసీమ యను గౌరవనామము కలుగుటకు నూటయిరువదియెనిమిది సంవత్సరములు పట్టినది. దక్షిణపు తెలుగుసీమకును తెలంగాణమునకును నడుమ గీటు గీసినది కోఠిలోని రెసిడెంటు కలమే యని మన బాలురకు ఏ పాఠశాలలో చెప్పుచున్నారో మాకు తెలియదు.

సౌధ నిర్మాణము

అప్పటివరకు రెసిడెంట్లు మూసీనదికి ఉత్తరపు గట్టున ఒక తోటలో దేశీయపద్ధతిని కట్టిన పాత భవనములందు వసించుచుండిరి. పెరిగిన అధికారమునకు తగిన మేడ కావలెనని కర్క్‌పాట్రిక్ తలచెను. స్థలము కోరిన విధమును గూర్చి యొక కథ ప్రచారములో నున్నది. కోరిన స్థలమును పెద్ద పటముగ వ్రాయించి చూపగా నిజాము నిరాకరించెనట. ఆయనకు దేశపటములు చూచుటయే అలవాటు గనుక, అంత పెద్ద పటమును చూచి రాజ్యములో నెంత భాగము పోవునోయని భయపడెనట. పిమ్మట అదే పటమును అరచేతిలో ఇముడునంత చిన్నదిగ వ్రాయించి చూపగా, నవ్వుచు ఒప్పుకొనెనట. కథ నిజమో కల్పనమో గాని, కంపెనీవారి రాజనీతికి ఇంతకంటె చక్కని ఉదాహరణము లేదు. వారు అడిగినదెల్ల కాగితముమీద చిన్నదిగనే కనబడుచుండెను.

1803 ప్రాంతమున పని ప్రారంభమైనది. నిర్మాణభారము వహించినవాడు మద్రాసు ఇంజనీరు దళమునకు చెందిన సామ్యూల్ రస్సెల్. ముందువైపున ఆరు మహాస్తంభములు. వానికి చేరుటకు ఇరువదికి పైబడిన మెట్లు. మెట్లకు ఇరుప్రక్కల రెండు సింహములు. పైన త్రికోణాకారపు ముఖభాగమున కంపెనీవారి చిహ్నము. లోపల దర్బారుశాల, అద్దములు, దీపవృక్షములు, చిత్రించిన పైకప్పు. పనివారు ఇచ్చటివారు, సున్నమును రాయియు ఇచ్చటివి, రూపము మాత్రము పశ్చిమదేశపుది. ఖర్చు నిజాము బొక్కసమునుండి వచ్చినది. నిజాము బొక్కసమనగా రైతు చెల్లించిన శిస్తు. కావున ఈ మేడకు పునాది వేసినది తెలుగు, మరాఠీ, కన్నడ రైతుల కష్టార్జితమే యని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

ఆ రైతులలో నొక్కడును ఆ మెట్లెక్కలేదు. ఆ సింహముల నడుమ నడచినవారు దొరలును, దివానులును, జాగీర్దారులును మాత్రమే.

మేడను తలపెట్టిన కర్క్‌పాట్రిక్ దానిని పూర్తిగ అనుభవింపలేదు. ఆయన మద్రాసున పుట్టినవాడు. పారసీకము, హిందూస్థానీ నేర్చినవాడు. నిజామువలన హష్మత్ జంగ్ బిరుదము పొందినవాడు. ఖైరున్నిసా యను హైదరాబాదు ప్రభువంశపు స్త్రీని వివాహమాడినవాడు. ఆమె ఘోషాస్త్రీ యగుటచే ఆమెకై ఆవరణములోనే రంగమహలును కట్టించెను. పెద్దమేడను చూడ రాజాలని ఆమె కొరకు దాని నమూనా నొకదానిని తోటలో చిన్నదిగ నిర్మింపజేసెనని చెప్పుదురు. 1805 అక్టోబరున ఆయన కలకత్తాలో మరణించెను. అదే సంవత్సరము వారి బిడ్డలిద్దరు ఇంగ్లాండునకు పంపబడిరి. తల్లి వారిని మరల చూడలేదు. 1813లో ఆమెయు గతించెను. పందొమ్మిదవ శతాబ్దమునందే రంగమహలు కూల్చివేయబడినది. సంధులు వ్రాసి సీమలను పంచిన ఈ యింట మొట్టమొదట వేరుపడినవారు తల్లియు బిడ్డలును.

సాహుకార్ల కాలము

కర్క్‌పాట్రిక్ తరువాతి నివాసులలో హెన్రీ రస్సెల్ ఒకడు. 1811 మొదలు 1820 వరకు ఆయన రెసిడెంటు. ఆయన పేర వెలసిన రస్సెలు దళమునకు అధికారులు ఆంగ్లేయులు, జీతములు నిజామువి. జీతములు చెల్లింపలేనప్పుడు అప్పు. అప్పిచ్చుటకు రెసిడెన్సీ ఛాయలోనే వర్తకము సాగించిన పామర్ కంపెనీ సిద్ధము. వారి వడ్డీ నూటికి ఇరువదినాలుగు, ఇరువదియైదు వరకు ఉండెను. 1820లో రెసిడెంటుగ వచ్చిన చార్లెసు మెట్కాఫ్ ఈ వ్యవహారమును బయటపెట్టెను.

ఆ అప్పు తీరిన విధము తెలుగువారు మరువరానిది. గుంటూరు సహా ఉత్తర సర్కారుల నిమిత్తము కంపెనీవారు నిజామునకు ఏటేట ఏడు లక్షల రూపాయలు పేష్కషు చెల్లింపవలసియుండెను. 1823లో ఆ హక్కును శాశ్వతముగ వదలుకొని, బదులుగ నిజాము ప్రభుత్వము ఒక కోటి పదునారు లక్షల పైచిలుకు సొమ్మును పుచ్చుకొనెను. పుచ్చుకొన్నది అప్పులవారికి చెల్లించుటకే. కృష్ణా గోదావరీ మండలముల మీద హైదరాబాదునకు మిగిలియున్న చివరి సంబంధము ఇట్లు వడ్డీక్రింద చెల్లిపోయినది.

1853లో మరల అదే నాటకము, వేరొక అంకము. సైన్యపు బాకీ క్రింద బీరారు రాష్ట్రము కంపెనీ వశమైనది. ఉత్తర సర్కారులు, దత్తమండలములు, బీరారు: ఒక్కొక్క పర్యాయము నిజాము రాజ్యము తరిగినది, రెసిడెన్సీ గౌరవము పెరిగినది.

1857 జూలై 17

ఈ సౌధమునకు పిలువని అతిథులు ఒక్క పర్యాయము వచ్చిరి. ఉత్తరదేశమున సిపాయిల తిరుగుబాటు సాగుచున్న కాలమది. ఔరంగాబాదు దళమునుండి తప్పించుకొని వచ్చిన జమాదారు చీదాఖానును పట్టి రెసిడెంటునకు అప్పగించుటచే నగరము అట్టుడికినట్లు ఉడికెను. 1857 జూలై 17వ తేది శుక్రవారమునాడు తుర్రెబాజ్‌ఖాను, మౌల్వీ అలావుద్దీను నాయకత్వమున రోహిలాలును నగర ప్రజలును రెసిడెన్సీపై నడచిరి. గోడకు సమీపమునందున్న సాహుకార్ల యిండ్లను ఆక్రమించి రాత్రియెల్ల పోరాడిరి. ఫిరంగుల ముందు వారి బందూకులు నిలువలేదు. తెల్లవారుసరికి పోరాటము ముగిసినది.

తుర్రెబాజ్‌ఖాను పట్టుబడి ద్వీపాంతరశిక్ష పొందెను. 1859 జనవరిలో చెరనుండి తప్పించుకొని, మెదకు సీమలోని తూప్రాను చెంత చంపబడెను. ఆయన దేహమును నగరమునకు తెచ్చి జనులు చూచునట్లు వ్రేలాడదీసిరి. మౌల్వీ అండమానునకు పంపబడి అచ్చటనే కన్నుమూసెను. రెసిడెన్సీ ఆవరణమునకు గోడలు మరింత దృఢముగ లేచినవి. నేడు కోఠి బస్సుల నిలయము చెంత ఆ వీరులకు స్మారకమున్నది; ఒక వీథికి తుర్రెబాజ్‌ఖాను పేరున్నది. బస్సునకై వేచియుండు వేలమందిలో ఆ స్మారకమువంక తలయెత్తి చూచువారు ఎందరని మేము అడుగుచున్నాము.

గోడ నీడలో తెలుగుదీపము

చరిత్రలో ఒక వింత కలదు. రెసిడెన్సీ చుట్టును పెరిగిన బజారులు ఆంగ్లేయుల అధికారమునందుండెను. నిజాము శాసనములు అచ్చట చెల్లవు. 1933లో ఆ ప్రాంతము నిజామునకు తిరిగి ఇవ్వబడి సుల్తాన్ బజారైనది. పరాయి ప్రభుత్వము తన సుఖమునకై ఏర్పరచుకొన్న ఈ మినహాయింపు తెలుగువారికి కొంత ఊపిరి పీల్చుకొను చోటైనది. 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఈ ప్రాంతముననే వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు గారలు దాని స్థాపకులు. తెలుగు చదువునకే ఆదరము లేని సంస్థానములో ఒక తెలుగు గ్రంథాలయము లేచుట సామాన్యము కాదు.

1921 నవంబరున ఇచ్చటి వివేకవర్ధినీ పాఠశాలలో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగినది. కార్వే పండితుడు అధ్యక్షుడు. ఇంగ్లీషున, మరాఠీలో, ఉర్దూలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగానే సభలో గేలియు అల్లరియు చెలరేగెను. తమ గడ్డమీద తమ భాషకు జరిగిన ఈ పరాభవము సభలోని తెలుగువారి గుండెలకు తగిలినది. ఆ రాత్రియే వారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. ఆ సంఘమే పెరిగి, 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జోగిపేటలో ప్రథమాంధ్రమహాసభగ సమావేశమైనది. ఇస్నాపూరునుండి పడమటికి పోవు బాట ప్రయాణికుని ఆ జోగిపేటకే చేర్చును. కోఠిలో రగిలిన అవమానము ఈ బాటవెంట వచ్చి సంగారెడ్డి సీమలో ఉద్యమమైనది.

రెసిడెంటు దర్బారుశాలలో దీపవృక్షములు వెలుగుచున్న కాలముననే, దాని గోడకు ఆవలి వీథులలో ఒక చిన్న దీపము ఇట్లు వెలిగింపబడినది. పెద్దదీపములు ఆరిపోయినవి. చిన్నది ఊరూరికి ప్రాకినది.

కొత్త నివాసులు

1947 ఆగస్టు 15వ తేదీతో బ్రిటిషు సార్వభౌమాధికారము అంతమై రెసిడెంటు పదవి ముగిసినది. 1948 ఆరంభమున భారత ప్రభుత్వ ప్రతినిధిగ వచ్చిన కన్హయ్యలాల్ మున్షీగారు బొల్లారమున వసించిరి గాని ఈ సౌధమున వసింపలేదు. అధికారము మూర్తీభవించిన ఆ మేడలో భారతప్రతినిధి కూర్చుండుట నిజాము ప్రభుత్వమునకు ఇష్టము కాలేదు. ఎవరు వసించిన ఏమని అడుగువారికి ఇదియే సమాధానము: మేడ మౌనముగనే మాటలాడును.

1948 సెప్టెంబరున హైదరాబాదు భారతదేశమున కలిసినది. మరుసటి సంవత్సరమే, 1949లో, 1924నాడు స్థాపింపబడిన ఉస్మానియా మహిళా కళాశాల ఈ సౌధమున ప్రవేశించినది. దివానులు నిలుచుండి వేచిన మెట్లమీద బాలికలు కూర్చుండి పాఠములు చదువసాగిరి. సీమలు చేతులు మారిన చోట భూగోళము, చరిత్రము బోధింపబడినవి. ఘోషాచే పెద్దమేడను చూడలేక, తోటలోని నమూనాతో తృప్తిపడవలసివచ్చిన స్త్రీకి ఆ మేడ నిజముగ లభించుట నూటనలుబది యేండ్ల అనంతరము ఈ బాలికల రూపముననే జరిగినదని మేము తలచుచున్నాము.

2022లో ఆ కళాశాల తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయముగ మారినది. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడినది. ఐలమ్మ పాలకుర్తి స్త్రీ. కౌలునకు తీసికొన్న భూమిలో తాను పండించిన పంటను విసునూరు దేశముఖునకు విడువక నిలిచిన ధీర. ఆమెకు అండగ నిలిచినది ఆంధ్రమహాసభ. పల్లెలలో దానిని సంఘమని పిలుచుచుండిరి. ఆ మహాసభకు మూలము రెసిడెన్సీ గోడల చెంత 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమే. శిస్తు కట్టిన చేతులు ఈ మేడను నిలిపినవి. శిస్తునకు మించి కొల్లగొట్టవచ్చినవారిని ఎదిరించిన చేతుల పేరు నేడు దాని ద్వారముపై నిలిచినది. రెండువందల యేండ్ల లెక్క ఇంత చక్కగ సరిపడుట చరిత్రలో అరుదు.

కర్తవ్యము

ఇంత చెప్పుటకు కారణమున్నది. కాలక్రమమున సౌధము శిథిలమై, పైకప్పులు కారి, కొన్ని భాగములు ప్రవేశమునకు తగనివైనవి. 2002లో ప్రపంచ కట్టడముల నిధివారు ఆపదలోనున్న చారిత్రక స్థలముల పట్టికయందు దీనిని చేర్చిరి. అనంతరము బహుసంవత్సరముల కృషిచే మరమ్మతులు సాగి, సౌధమునకు పూర్వపు కాంతి కొంత తిరిగి వచ్చినది. అందుకు పాటుపడిన వారెల్లరును అభినందనీయులు.

కాని మరమ్మతైన మేడకు ఒక కొత్త అపాయము కలదు. అందమైన కట్టడమును చూచినంతనే దానిని విందులకును, వినోదములకును, ధనికుల వేడుకలకును అద్దెకిచ్చిన బాగుండునను ఆలోచన పుట్టుట నేటి కాలమున సహజము. విద్యార్థినులవలన గోడలు మాయునని, కావున వారిని దూరముగ నుంచవలెనని వాదించువారును బయలుదేరవచ్చును. అట్టి వాదమును మేము ముందుగనే ఖండించుచున్నాము. ఈ సౌధమును పాడుచేసినది బాలికల పాదములు కావు. దశాబ్దములపాటు ప్రభువులు చూపిన అశ్రద్ధ. పాత మేడ చెక్కుచెదరకుండ నుండుట ఎంత ముఖ్యమో, అందులో చదువు సాగుట అంత ముఖ్యము. దర్బారుశాలలో విద్యాసభలు జరుగనిండు, గ్రంథములు చేరనిండు, పరిశోధకులు కూర్చుండనిండు. ఏటేట మరమ్మతునకు కావలసిన ద్రవ్యమును ప్రభుత్వము బడ్జెటులో విడిగ కేటాయించుట ధర్మము. కూలిపోవునంతవరకు ఉపేక్షించి, కూలిన పిమ్మట కోట్లు వెచ్చించుట పొదుపు కాదు.

మరియొక మనవి. సౌధమును చూడవచ్చువారికి కర్క్‌పాట్రిక్ ప్రేమకథ చెప్పుదురు. చెప్పవలసినదే. కాని అంతటితో విడువరాదు. 1800 సంధి, 1823 పేష్కషు, 1857 జూలై రాత్రి, 1921 పరాభవము, 1949 ప్రవేశము, ఇవియన్నియు తెలుగున వ్రాసి గోడపై నిలుపవలెను. ప్రేమకథ ఒక్కటే చెప్పినచో దొర మంచివాడని తెలియును గాని, దొరతనము ఎట్టిదో తెలియదు. వారమున కొకదినమైన సామాన్యజనులకు ద్వారము తెరచి, ఏ రైతుల శిస్తుతో ఆ మెట్లు లేచినవో వారి మనుమలు ఆ మెట్లెక్కి చూచు అవకాశము కల్పింపవలెను.

కంపెనీ పోయినది. రెసిడెంట్లు పోయిరి, వారిలో కొందరు ఆ ఆవరణములోని శ్మశానమునందే నిద్రించుచున్నారు. నిజాము ప్రభుత్వమును పోయినది. వచ్చిన నివాసులందరిలో ఆ మేడను తమ ఆధిపత్యమునకు గాక తమ అభివృద్ధికి వాడుకొన్నవారు ఈ బాలికలే. ఇస్నాపూరునుండియు, జోగిపేటనుండియు, పాలకుర్తినుండియు వచ్చు బాలిక ఆ సింహముల నడుమ తలయెత్తి నడచిపోగలిగినన్నాళ్లు ఆ సౌధము ప్రజలది. ఆమెను వెలుపల నిలిపిననాడు, గోడలు ఎంత తెల్లగ మెరసినను, అది మరల రెసిడెన్సీయే యగును. ప్రభుత్వమువారును, విద్యాధికారులును, నగరవాసులును ఈ సంగతిని గుర్తెరిగి మెలగుదురుగాక యని మేము కోరుచున్నాము.